మందు లేని సూది

1948 జులై 20, మంగళవారం

బడిలో సుద్దముక్క కిందపడితే తీద్దామని వంగాను. మళ్లీ లేవలేకపోయాను. కాంతమణి టీచరు ఏదో ఆట ఆడిస్తోందనుకుని మూడో తరగతి పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వుతున్నట్టే మొహం పెట్టి, బల్ల పట్టుకుని, ఎలాగో నిలబడ్డాను. రిక్షా ఎక్కించి ఇంటికి పంపించారు.

నొప్పి ఎక్కడ అని ఈయన అడిగారు. ఎక్కడ లేదో చెప్పడం తేలిక అన్నాను. మావారు యెషయాగారికి రైల్వేలో గుమాస్తా పని, చర్చి సంఘంలో పెద్దరికం. రెండుచోట్లా మాటలతోనే నెట్టుకొస్తారు. ఇంట్లో వేడినీళ్లు కాచాల్సి వచ్చేసరికి మాట పడిపోయింది. కాచారు పాపం. చెయ్యి కూడా కాల్చుకున్నారు.

జులై 22

ఊళ్లో ఒక్క నొప్పి బిళ్ల కూడా లేదు. భారత యూనియన్ వాళ్లు నిజాం సరిహద్దులో బళ్లు ఆపేశాక ఉప్పుకే దిక్కు లేదు, మందులెక్కడివి. ఆసుపత్రి నర్సమ్మ ఖాళీ సీసాలు తిరగేసి చూపించింది, నేను నమ్మనన్నట్టు.

జులై 23, శుక్రవారం

మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. స్త్రీల సమాజం మొత్తం దిగింది. డోరా అక్కయ్య ముందుండి నడిపించింది. సమాజానికి ఆవిడే పెద్ద, ఆవిడ లేచి నిలబడితే మేమంతా లేస్తాం. నా నడుము మీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థించింది. "విశ్వాసం విడిచిపెట్టకు కాంతమణీ. మనుషుల చెయ్యి తగలకుండానే నీకు స్వస్థత వస్తుంది, చూస్తూ ఉండు" అంది. ప్రతి శుక్రవారం వస్తామన్నారు.

మనసు తేలికపడింది. నడుము పడలేదు. ఇలా రాసినందుకు దేవుడు క్షమిస్తాడు. డోరా అక్కయ్య చదివితే క్షమించదు.

జులై 26

బడికి వెళ్లలేక నాలుగో రోజో, అయిదో రోజో. నా క్లాసుకి ఎవరినో పెట్టే ఆలోచనలో ఉన్నారట.

సాయంత్రం ఈయన కుర్చీ దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించి, రెజిమెంటల్ బజారు వెనక సందులో నాసర్ అని ఒకడున్నాడు, చీనా సూదులు వేస్తాడు అన్నారు. స్టేషన్‌లో మూటలు మోసే జంగయ్య నడుం పట్టేసి మూలుగుతూ అక్కడికి వెళ్లి, నడిచి తిరిగొచ్చాడట. ఎవరికీ తెలియకుండా వెళ్లిరా అన్నారు. సంఘ పెద్ద భార్య ఉపవాస ప్రార్థనలు చేయించుకుంటూ సూదులేయించుకుంటే బాగుండదట. పైగా మగవాడు. పైగా రోజులు బాగాలేవు.

"పెద్దగారూ, ఇది మీ సలహానా, సంఘం సలహానా?" అన్నాను.

"నీ మొగుడి సలహా" అన్నారు. నవ్వు వచ్చింది. నవ్వితే నొప్పి.

జులై 27

వెళ్లాను.

ముందు గదిలో చాప, గోడకి ఆనించిన బొంత, కుంపటి మీద సత్తుగిన్నెలో ఉడుకుతున్న సూదులు. అంత పొడుగు సూదులు నేనెప్పుడూ చూడలేదు. తిరిగి వెళ్లిపోదామని గుమ్మం వైపు చూశాను కూడా. నాసర్ భార్య హజీరా నా చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. "భయమెందుకు టీచరమ్మా, నేనున్న గద" అంది.

నాసర్ నలభై దాటని మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. నా వైపు చూడకుండానే మాట్లాడాడు. "జెర బోర్ల పండుండ్రి. నడుము ముట్ట. మోకాలి ఎనక ఒక్కటి, పిక్కల ఒక్కటి, చెయ్యి మీద రెండు. అంతే."

"నొప్పి నడుములో అయితే మోకాలి వెనకెందుకు?"

"నేను సుత గట్లనే అడిగిన. అడిగితే నా గురువు కొట్టిండు" అన్నాడు. హజీరా కిసుక్కున నవ్వింది. నా చీర మోకాలి దాకా ఆవిడే సర్దింది. ఆ కాసేపూ నాసర్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"సూదిలో ఏం మందండీ?"

"మందేం లేదు. ఉత్త సూది. గుంజుతుందా? గుంజితే చెప్పుండ్రి."

చీమ కుట్టినంత. తర్వాత లోపల్నించి ఎవరో నరం పట్టుకుని లాగినట్టు కాలంతా జివ్వుమంది. గుంజుతోంది అన్నాను. "ఆఁ, గదే" అని చెయ్యి తీసేశాడు.

కదలకుండా పడుకోవాలి. ఆ సమయంలో కథంతా హజీరాయే చెప్పింది. నాసర్ పటాలంలో ఆసుపత్రి నౌకరుగా సింగపూర్ వెళ్లాడట. జపాను వాళ్లు పట్టుకుని అడవిలో దుంగలు మోయించారు. నడుము విరిగి పడి ఉంటే, అదే శిబిరంలో ఉన్న ఒక చీనా ముసలాయన వెదురు గొట్టంలోంచి సూదులు తీసి లేపి నిలబెట్టాడట. ఆయన దగ్గరే ఇది నేర్చుకున్నాడు. ఆయన అక్కడే పోయాడు. ఆ గొట్టం ఇప్పుడు నాసర్ దగ్గర ఉంది.

నాసర్ మధ్యలో లేవలేదు. వాకిట్లో ఎవరో పిలిచినా లేవలేదు. తర్వాత అడిగితే చెప్పాడు. "సూదులు ఒంట్ల ఉన్నంతసేపు ఈడికెల్లి లేవ. ఉస్తాద్ ఒట్టు పెట్టిచ్చుకున్నడు. మనిషి ఉలిక్కిపడి లేస్తే సూది లోపలనే విరుగుతది."

ఇంటికి నడిచి వచ్చాను.

ఆగస్టు 3

ఇవాళ సుద్దముక్క నేనే తీశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆగస్టు 6, శుక్రవారం

ప్రార్థన. డోరా అక్కయ్య నన్ను వంగి లేవమంది. లేచాను. అందరూ ఏడ్చారు. నాకూ ఏడుపు వచ్చింది. వాళ్ల ప్రేమ అబద్ధం కాదు కదా. సూది మొనతో దేవుడు పని చేయకూడదని ఎక్కడుంది? వాళ్లతో ఈ మాట అనలేదు. అనవలసిన పని కూడా కనబడలేదు.

ఆగస్టు 12, గురువారం

అక్షరాలు వంకర పోతున్నాయి.

మధ్యాహ్నం బడి వదిలాక నాసర్ ఇంటికి వెళ్లాను. సూదులు వేశాడు. బోర్లా పడుకుని ఉన్నాను. వీధిలో కేకలు, పరుగులు. రజాకార్ల గుంపు అని అర్థమైంది, ఈమధ్య రోజూ ఉన్నదే. ఎవరో అరుగు ఎక్కి తలుపు తోశారు. గొంతు గుర్తుపట్టాను. హజీరా తమ్ముడు రహీం. ఈ మధ్యే వాళ్లలో చేరాడని ఆవిడ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"బావా, లే! అందరం కార్ఖానాకు పోతున్నం. ఆ సోమయ్య కొట్ల బియ్యం దాసిండంట."

"సూదులున్నయ్ రా. నేను రాను. నువ్వు సుత పోకు."

"ఆడమనిషి కాళ్లకాడ కూసున్నవ్. నువ్వు సిపాయివా?"

"సూదులున్నయ్ అన్న గద."

తర్వాత పెరట్లో హజీరా కేక. "ఆ అంగీ ఇడువురా! అది మీ బావది!" నాసర్ పటాలం చొక్కా, ఖాకీది, తీగ మీద ఆరేసి ఉంటే అది లాక్కుని తొడుక్కుని పోయాడట. నాసర్ చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. ఆ కేక వినేదాకా నాకు భయం వేయలేదు. అప్పుడు వేసింది. అయినా ఆ మనిషి లేవలేదు. కేకలు దూరమై, వీధి నిశ్శబ్దమై, కుంపట్లో బొగ్గులు ఆరేదాకా అలాగే కూర్చుని, ఒక్కొక్క సూదీ తీసి, గొట్టంలో పెట్టి, అప్పుడు లేచి తలుపు గడియ వేశాడు.

చీకటి పడుతుంటే హజీరా నన్ను వెనక సందుల్లోంచి ఇల్లు చేర్చింది. ఈయనకి అంతా చెప్పాను. "ఇక అక్కడికి వెళ్లకు" అన్నారు.

ఆగస్టు 13

కార్ఖానా పేటలో సోమయ్య ధాన్యం కొట్టు దోచుకున్నారు. అడ్డం వెళ్లిన హమాలీ పర్వతాలును తల మీద కొట్టారట. పొద్దున చనిపోయాడు. పెళ్లయి ఏడాది కాలేదట.

ఆగస్టు 29, ఆదివారం

సాక్ష్యాల ఆదివారం. ఎవరి కోసం సంఘం ప్రార్థించిందో వాళ్లు లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పాలి. లేవకపోతే కృతఘ్నత. డోరా అక్కయ్య ముందు వరసలోంచి తిరిగి నన్నే చూస్తోంది.

లేచాను. "నడుము నొప్పి తగ్గింది. దేవునికి స్తోత్రం" అన్నాను. అంతవరకూ నిజమే. కూర్చోబోతుంటే ఆవిడ, "మందేమైనా వాడావా, కాంతమణీ? సంఘం వినాలి" అంది.

"మందేం వాడలేదు" అన్నాను.

అదీ నిజమే. సూదిలో మందు లేదు.

పాస్టరు అయ్యగారు రెండు చేతులూ ఎత్తి, "విన్నారా, మనుషుల చెయ్యి తగలలేదు!" అన్నారు. హల్లెలూయా అని సంఘమంతా ఒక్కసారి అంది. అందరికంటే గట్టిగా అన్నది ఈయన. నేను నిలబడే ఉన్నాను. కాదనడానికి సమయం ఉంది. తర్వాత పాట ఎత్తుకున్నారు.

నేను అబద్ధమాడలేదు. అడిగినదానికి జవాబు చెప్పాను.

సెప్టెంబరు 13

యూనియన్ సైన్యం అన్ని వైపులనుంచీ వస్తోందట. విమానాలు. బడి మూసేశారు.

సెప్టెంబరు 17

నిజాం లొంగిపోయినట్టు రేడియోలో చెప్పారు. వీధిలో జెండాలు, పటాసులు. పక్కింటివాళ్లు చక్కెర పంచారు. నాసర్ వాళ్ల సందులో ఒక్క తలుపూ తెరిచి లేదని పాలావిడ చెప్పింది.

సెప్టెంబరు 24, శుక్రవారం

నాసర్‌ని పట్టుకుపోయారు.

హజీరా వెనకవైపు నుంచి వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చింది. చెప్పులు లేవు. పర్వతాలును కొట్టిన చోట బస్తాల సందులో కొట్టినవాడు విప్పి పారేసిన ఖాకీ చొక్కా దొరికితే సోమయ్య దాచిపెట్టాడట, ఇప్పుడు తీసి మిలటరీ వాళ్లకిచ్చాడు. కాలరు లోపల నాసర్ పటాలం నంబరు సిరాతో రాసి ఉంది. కొట్టినవాడి మొహం సోమయ్య చూడలేదు. చొక్కా చూశాడు. అది చాలట.

"ఆ అంగీ నా తమ్ముడు తొడుక్కొని పోయిండని చెప్పిన. పెండ్లాంవు, నువ్వు గట్లనే అంటవన్నరు. రహీంగాడు యాడికి పారిపోయిండో ఎవ్వనికీ ఎరుకలేదు. ఆ దినం మీరున్నరు గద టీచరమ్మా. వాని పేరు సుత చెప్పుండ్రి, నాకేం ఫికర్ లేదు. ఒక్క మాట మీరు చెప్పకపోతే ఈయనను ఉరి తీస్తరంట."

"చెప్తాను" అన్నాను. వెంటనే అన్నాను. వెంటనే అన్న సంగతి రాసుకుంటున్నాను.

ఈయన స్టేషన్‌నుంచి వచ్చాక చెప్పాను. చాలాసేపు బూట్లు విప్పకుండా కూర్చున్నారు. "నువ్వు చెప్పాల్సిందే" అన్నారు. తర్వాత, "సంఘంలో ఒక సాక్ష్యం, మిలటరీ కచేరీలో ఒక సాక్ష్యం అయితే డోరా ఊరుకుంటుందా? అయ్యగారు ఊరుకుంటారా? నీ ఉద్యోగం మిషన్ బళ్లో" అన్నారు. ఆ తర్వాత, "కేసు నిలబడదులే. చొక్కా ఒక్కటీ ఉంటే ఏమౌతుంది. వాళ్లే వదిలేస్తారు" అన్నారు.

మూడో మాట నాకు నచ్చింది. నమ్మేశాను.

సెప్టెంబరు 27

బడి మళ్లీ తెరిచారు. కచేరీకి వెళ్లడం కుదరలేదు.

సెప్టెంబరు 29

రేపు తప్పకుండా.

అక్టోబరు 1, శుక్రవారం

వర్షం. వెళ్లలేదు.

అక్టోబరు 3, ఆదివారం

కృతజ్ఞత కూడికకి బెజవాడనుంచి పెద్దలు వస్తున్నారట. నా సాక్ష్యం మళ్లీ చెప్పించాలని డోరా అక్కయ్య అంది. "నీ మాట ఎంతమందిని నిలబెట్టిందో నీకు తెలియదు" అంది. తల ఊపాను.

అక్టోబరు 5

హజీరా రావడం మానేసింది. అంటే కబురు మంచిదేనేమో. వదిలేసి ఉంటారు.

అబద్ధ సాక్ష్యం చెప్పరాదన్న ఆజ్ఞ ఇవాళ పిల్లలకి అప్పజెప్పించాలి. పై తరగతి టీచరుని పంపి, నాకు తలనొప్పి అన్నాను.

అక్టోబరు 7, గురువారం

నొప్పి మళ్లీ వచ్చింది. పొద్దున మంచం దిగుతుంటే పట్టేసింది. మధ్యాహ్నానికి కాళ్లు నన్ను ఆ సందులోకి తీసుకెళ్లాయి. ఆయన ఉండడని తెలిసీ వెళ్లాను. ఎందుకు వెళ్లానో రాద్దామని చూస్తే రాయడానికి ఏమీ లేదు.

చాప పరిచే ఉంది. కుంపటి చల్లగా ఉంది. నేను వంగి నడుస్తుండడం చూసి హజీరా ఒక్క మాట అడగలేదు. ఎందుకు వెళ్లలేదనలేదు, ఎప్పుడు వెళ్తావనలేదు. "పండుండ్రి టీచరమ్మా. సూదులు నాకు రావు. కాళ్లు పిసుకుత, జెర తక్లీఫ్ తగ్గుతది" అంది.

వద్దన్నాను. చెయ్యి పట్టుకుని పడుకోబెట్టింది. మోకాలి వెనక, పిక్క మీద, ఆయన సూదులు వేసిన చోట్లే వేళ్లతో నొక్కుతూ కూర్చుంది. చేతుల్లో బలం లేదు. ఎన్నాళ్లనుంచి తినలేదో. మొగుడిని విడిపించగలిగి విడిపించని మనిషి కాళ్లు పట్టుకుని పిసుకుతోంది. నేను బొంతలో మొహం దాచుకుని ఏడ్చాను. నొప్పికి ఏడుస్తున్నాననుకుని ఇంకా మెల్లగా నొక్కింది.

నా మీద నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

అక్టోబరు 8, శుక్రవారం

ఈయనకి చెప్పలేదు. పొద్దునే వెళ్లాను. పరేడ్ మైదానం పక్క బంగళాలో మిలటరీ కచేరీ. వరండాలో బల్ల వెనక కూర్చున్న మనిషిని చూసి మెట్ల మీదే ఆగిపోయాను. జ్ఞానశేఖర్. మా సంఘంలో ఆర్మనీ పెట్టె వాయిస్తాడు. ఇంగ్లీషూ, తెలుగూ వచ్చని కొత్త దొరలు తెచ్చి కూర్చోబెట్టారట. లేచి, "వందనాలు కాంతమణమ్మగారూ" అన్నాడు. ఇంకా తిరిగి వెళ్లిపోవచ్చు అనిపించింది. నడుము నొప్పికి త్వరగా వెనక్కి తిరగలేకపోయాను, అది మేలైంది.

పక్క కుర్చీలో మేజరు. మద్రాసు వైపు మనిషి. తెలుగు బాగానే తెలుసు.

"నాసర్ గురించి సాక్ష్యం చెప్పాలి" అన్నాను. తారీఖు చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆయన నాకు సూదులు వేస్తున్నాడని చెప్పాను. జ్ఞానశేఖర్ సూదిమందు అని రాసుకున్నాడు.

మేజరు అది చూసి తలెత్తాడు. "ఆగస్టులో ఇక్కడ సూదిమందు ఎక్కడిదమ్మా? సరిహద్దు దాటి ఒక్క సీసా రానివ్వలేదు. ఆ సంగతి మాకు బాగా తెలుసు."

"మందు లేదండీ. ఉత్త సూది. చీనా వైద్యం. అది కొట్టేసి రాయండి."

జ్ఞానశేఖర్ కొట్టేయలేదు. కలం కింద పెట్టాడు. "అమ్మగారూ, ఆగస్టు ఆఖరి ఆదివారం నేను అక్కడే ఉన్నాను. మీరు లేచి చెప్పింది విన్నాను. మందు లేదన్నారు. మనుషుల చెయ్యి తగల్లేదని అయ్యగారంటే నిలబడి ఉన్నారు. ఇంటికెళ్లి మా అమ్మకి చెప్పాను. ఆవిడ ఆర్నెల్లనుంచి మంచం మీద ఉంది. మీ మాట పట్టుకుని రోజూ లేవాలని చూస్తోంది. ఇప్పుడు సూదులంటున్నారు. మీ సాక్ష్యాల్లో ఏది రాయమంటారు?"

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. కోపం ఉంటే బాగుండేది.

"ఇది రాయండి" అన్నాను.

"మరి అది?"

"అది అబద్ధం."

రాశాడు. సూదులు ఎక్కడెక్కడ అని మేజరు అడిగాడు. మోకాలి వెనక, పిక్కలో, చేతి మీద అన్నాను. గుమ్మం దగ్గర జవాన్లు మొహమొహాలు చూసుకుని నవ్వారు. తల దించుకోలేదు. రహీం పిలిచిందీ, నాసర్ రాననడం, తీగ మీద చొక్కా, హజీరా కేక, అన్నీ చెప్పాను. సూదులుండగా ఆయన లేవడని, లేవలేదని రెండుసార్లు చెప్పాను.

మేజరు కాగితం తీసుకుని చదివాడు. "ఇలాంటిది కల్పించుకుని ఎవరూ రారు. కానీ ఆయన్ని పట్టుకుని రెండు వారాలైంది. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"భయపడ్డాను" అన్నాను. సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

సాయంత్రం ఈయనకి చెప్తే కోప్పడతారనుకున్నాను. లేచి వెళ్లి వేడినీళ్లు కాచి నడుముకి కాపడం పెట్టారు. పెడుతూనే, "నేను రావలసింది" అన్నారు.

అక్టోబరు 10, ఆదివారం

సంఘంలో మా బెంచీలో మేమిద్దరమే కూర్చున్నాం. మామూలుగా ఆరుగురం.

ఆరాధన అయ్యాక డోరా అక్కయ్య వచ్చింది. "మేం నీ కోసం పస్తులున్నాం కాంతమణీ" అంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. వాళ్లు నిజంగానే పస్తులున్నారు. కృతజ్ఞత కూడికలో మాట్లాడక్కర్లేదంది. మోకాలి సంగతి అందరికీ తెలిసిపోయింది. ఇద్దరు ఆడపిల్లలు నా పాదాల వైపు చూసి మోచేతులతో పొడుచుకున్నారు.

ఈయన్ని పెద్దరికంనుంచి తప్పుకోమన్నారు. తప్పుకున్నారు. "వచ్చే ఆదివారంనుంచి వెనక బెంచీలో హాయిగా కునుకు తీయొచ్చు" అన్నారు. రాత్రి అన్నం తినలేదు.

అక్టోబరు 14

బడిలో ఏమీ అనలేదు. అంటారని ఎదురుచూస్తూ పాఠాలు చెప్తున్నాను.

అక్టోబరు 20, బుధవారం

నాసర్‌ని వదిలారు!

ఈయనా నేనూ కలిసి వెళ్లాం. గడ్డం పెరిగి, భుజాలు వంగి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. ఎడమచేత్తో నేల ఆనించి లేచాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. లోపల బొటనవేలు చితికిపోయింది. ఎముక వంకరగా అతుక్కుంటోందట. పట్టుకుపోయి ఉంచిన చోట ఎవడో బూటుకాలితో తొక్కాడట.

"ఎప్పుడు?" అన్నాను. అడగకూడదు. నోరు ఆగలేదు.

నాసర్, "పోనీయుండ్రి టీచరమ్మా" అన్నాడు. చెప్పింది హజీరా. "నెల మొదటి జుమ్మా నాడు. వాన గట్టిగ పడ్డది సూడు, ఆ దినం."

అక్కడ కూర్చోలేకపోయాను. నాసర్ మాత్రం మా ఆయనతో, "మీ ఇంటామె రాకపోతే నేను లేను సాబ్" అన్నాడు. చేతులు జోడించాలని చూశాడు, కుడిచెయ్యి లేవలేదు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం తిరగేశాను. అక్టోబరు ఒకటి, శుక్రవారం. వర్షం, వెళ్లలేదు. నా అక్షరాలే.

నవంబరు 2

ఆ వేలితో సూది తిప్పలేడు. ఎడమచేత్తో ప్రయత్నించి తన పిక్కలోనే పొడుచుకుని చూశాడట, కుదరలేదట. ఇప్పుడు హజీరాకి నేర్పుతున్నాడు. అతను చెప్తుంటే ఆవిడ వేస్తుంది. ముందు దిండు మీద, తర్వాత అతని కాలి మీద. కానీ జనం రావడం లేదు. వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని, సూది పట్టేది ఆడమనిషని తెలిసి, చూసి చూసి లేచి పోతున్నారు. ఇంట్లో పొయ్యి వెలగని పూటలున్నాయని జంగయ్య చెప్పాడు. నేను బియ్యం పంపితే హజీరా తిప్పి పంపింది.

నా నొప్పి అలాగే ఉంది.

నవంబరు 11, గురువారం

బడినుంచి అటే వెళ్లాను. అరుగు మీద ముగ్గురున్నారు. పాలమ్మే కమలాబాయి నడుము మీద చెయ్యేసుకుని గోడకి ఒరిగి ఉంది. మిగతా ఇద్దరూ చెప్పులు విడవకుండా, లోపలికి రావాలా పోవాలా అన్నట్టు కూర్చున్నారు. నేను లోపలికెళ్తుంటే వాళ్ల మాటలు ఆగిపోయాయి. ఆ మధ్య ఊరంతా చెప్పుకున్న టీచరమ్మ నేనేనని వాళ్లకి తెలుసు.

పడుకున్నాను. నాసర్ గోడవైపు తిరిగి కూర్చుని చెప్తున్నాడు. "మడతల నడిమిట్ల. వేలు పెట్టి సూడు. ఆఁ. ఇగ పెట్టు." హజీరా వేళ్లు చల్లగా ఉన్నాయి. మోకాలి వెనక సూది దిగింది. గుంజలేదు. ఉత్తగా గుచ్చుకుంది. పిక్కలో రెండోది ఎక్కడో తప్పు తగిలి కాలంతా మంట పుట్టింది. పళ్లు కరిచిపెట్టాను.

"గుంజుతుందా టీచరమ్మా?" నాసర్ అడిగాడు.

తలుపు తెరిచే ఉంది. అరుగు మీద చప్పుడు లేదు.

"గుంజుతోంది" అన్నాను.

హజీరా ఊపిరి వదిలింది. పక్కనే ఉంది కాబట్టి వినబడింది. సూదులు తీసేదాకా ముగ్గురం కదలలేదు. లేచి కూర్చుంటుంటే నాసర్ ఇటు తిరిగి నా మొహం చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. ఎన్ని నడుములు చూసిన మనిషి. ఏదో అనబోయాడు. హజీరా సూదులు నీళ్లలో వేస్తూ, ఎన్నాళ్ల తర్వాతో, తనలో తాను నవ్వుకుంటోంది. అది చూసి ఊరుకున్నాడు.

బయటికి వచ్చాను. కమలాబాయి నా కొంగు పట్టుకుంది. "తగ్గిందా అమ్మా? నిజంగ చెప్పు. ఆమె చెయ్యి మంచిదేనా?"

ముగ్గురూ నా నోటివైపే చూస్తున్నారు.

"తగ్గింది" అన్నాను, లోపలికి కూడా వినబడేలా. "ముందుకంటే బాగా తగ్గింది."

కమలాబాయి గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. మిగతా ఇద్దరూ చెప్పులు విప్పారు. వాళ్లు చూస్తూనే ఉంటారని తెలుసు. సందు మలుపు తిరిగేదాకా నిటారుగా నడిచాను.